దారి ఖర్చు: ఏలూరు సీమలో పోలీసు ఠాణా, మానసిక రోగి, సర్కారు ఖజానా

ఏలూరు తాలూకాను 1859లో గోదావరి జిల్లాలో కలిపారు. 1904లో కృష్ణా జిల్లాకు మార్చారు. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడినప్పుడు ఏలూరే దానికి ముఖ్యపట్టణమైంది. 2022 ఏప్రిల్ 4 నుంచి ఆ ఊరి పేరు మీదనే ఒక జిల్లా నడుస్తోంది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది గానీ ఆ జిల్లా కచేరీలన్నీ భీమవరం తరలిపోయాయి. కొల్లేటి అవతలి ఒడ్డున ఉన్న కైకలూరు, మండవల్లి మండలాలు కృష్ణా నుంచి ఏలూరుకు వచ్చాయి. ఆకివీడు రాలేదు. ఇన్నిసార్లు సరిహద్దులు చెరిపి గీసినా ఒకటి మాత్రం కదల్లేదు. మతి చెదిరి రోడ్డున పడ్డ మనిషిని ఈ సీమ పోలీసులు చివరికి చేర్చవలసిన సర్కారు మానసిక వైద్యశాల విశాఖపట్నంలోనే ఉంది. ఏలూరు నుంచి రైలు మార్గాన దాదాపు 290 కిలోమీటర్లు.

ఆ దూరానికి అయ్యే ఖర్చు ఎవరిదన్నది ఈ వ్యాసానికి విషయం. ప్రశ్న చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ 1858 నుంచి ఇప్పటివరకు నాలుగు చట్టాలు ఈ మనిషి గురించి మాట్లాడాయి, నాలుగూ పోలీసు మీద బాధ్యత పెట్టాయి. బాధ్యత పెట్టినంత స్పష్టంగా డబ్బు మాట చెప్పిన చట్టం అరుదు. అందులోనూ రోగి హక్కులను అందరికంటే గొప్పగా రాసిన చట్టమే ఠాణా ఖర్చు విషయంలో అందరికంటే తక్కువ మాట్లాడటం గమనించదగ్గది.

మొదటిది 1858 నాటి 36వ చట్టం. సిపాయిల తిరుగుబాటు ఇంకా పూర్తిగా చల్లారని ఏడాది అది. తన హద్దులో దిక్కులేక తిరుగుతున్న ఉన్మాదులను, ఉన్మాదం వల్ల ప్రమాదకరంగా తోచినవారిని పట్టుకుని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టడం ప్రతి దరోగా విధి అని అది శాసించింది. మరుసటి ఏడాదే మద్రాసు ప్రెసిడెన్సీకి జిల్లా పోలీసు చట్టం వచ్చింది. అంటే గోదావరి జిల్లా, దాని పోలీసు వ్యవస్థ, పిచ్చివాళ్ల గురించిన చట్టం ఇంచుమించు ఒకే కాలంలో పుట్టాయి. 1870ల తొలినాళ్లకే ప్రెసిడెన్సీలో మద్రాసు, విశాఖపట్నం, కాలికట్‌లలో మూడు పిచ్చాసుపత్రులు నడుస్తున్నాయి. వాటి వార్షిక నివేదికలు రోగులను నేరస్థులనీ, నేరస్థులు కానివారనీ వేరు చేసి లెక్క కట్టేవి. ఉత్తర హిందూస్థానపు పిచ్చాసుపత్రుల మీద జేమ్స్ మిల్స్ 2000లో వెలువరించిన అధ్యయనం ఒక ముఖ్యమైన సంగతి చెబుతుంది. ఆసుపత్రిలోకి ఎవరు రావాలో వైద్యుడి కంటే ముందే పోలీసు తేల్చేవాడు. ఇంటి నాలుగు గోడల మధ్య ఎంత రోగమున్నా సర్కారుకు కనిపించేది కాదు, సంతలోనో సత్రం అరుగు మీదో ఉన్నదే కనిపించేది. మన వైపు అందుకు భిన్నంగా జరిగి ఉంటుందని అనుకోవడానికి నాకు ఆధారం కనిపించదు.

ఊళ్లో ఆ చూపు కానిస్టేబులుది కాదు, తలారిది. తలారి మునసబుకు చెప్పేవాడు, మునసబు ఠాణాకు కబురు పంపేవాడు. మతి తప్పిన మనిషికి ఇల్లూవాకిలీ ఉంటే ఆ కబురు సాధారణంగా వెళ్లేది కాదు. గాలి సోకిందనో, గ్రహం పట్టిందనో భూతవైద్యుడి దగ్గరికో, మొక్కుబడి ఉన్న క్షేత్రానికో తీసుకుపోయేవారు. నెల్లూరు జిల్లా ఏ.ఎస్.పేట దర్గాకు ఇప్పటికీ అలా తీసుకువెళ్తున్నారు. ఆ ప్రయాణాల ఖర్చు కుటుంబానిది, చుట్టాలది. తనవాళ్లు లేనివాడూ, ఉండి వదిలేసినవాడూ మాత్రమే సర్కారు ఖర్చు కిందికి వచ్చేవారు. వీధిలోని మనిషికి పోలీసు, ఇంట్లోని మనిషికి బంధువు అనే ఈ పంపకం మొదటి రోజు నుంచే ఉంది. 1984లో తెలుగుదేశం ప్రభుత్వం మునసబు, కరణం పదవులను రద్దు చేశాక కబురు చెప్పే మనిషి మారాడు గానీ పంపకం మారలేదు.

రైలు రాకముందు ఏలూరు నుంచి విశాఖకు వెళ్లడమంటే మాటలు కాదు. 1850ల నాటి ధవళేశ్వరం ఆనకట్ట తర్వాత గోదావరి ఏలూరు కాలువలో పడవలు తిరిగేవి. కృష్ణా కాలువ కూడా ఏలూరుకే వచ్చి కలవడంతో ఈ ఊరు రెండు డెల్టాల జలమార్గానికి కూడలి అయింది. నిడదవోలు మీదుగా గోదావరి దాకా కాలువ, అక్కడి నుంచి రేవు దాటి ఎడ్లబండి. 1890ల్లో తూర్పు తీర రైలుమార్గం వచ్చింది. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి వంతెన తెరుచుకున్నాక ఏలూరు నుంచి వాల్తేరు ప్రయాణం రోజుల నుంచి గంటలకు దిగింది. ఆ ఒక్క వంతెన ఈ సీమ మానసిక రోగులకు చేసిన మేలు, తర్వాతి యాభై ఏళ్ల వైద్య పాలన చేసినదానికంటే తక్కువేమీ కాదనిపిస్తుంది. ఎస్కార్టుగా వెళ్లే కానిస్టేబులుకు ఎన్ని రోజుల బత్తా ఇవ్వాలన్న లెక్క కూడా దాంతోనే కుదించుకుపోయింది.

1912 నాటి 4వ చట్టం పాతదాన్ని రద్దు చేసి వచ్చింది. పేరులో ఉన్మాదం అలాగే ఉంది, ఠాణా అధికారి మీద బాధ్యతా అలాగే ఉంది. కానీ ఆ చట్టం ఒక విషయంలో సర్కారు గుమాస్తా బుద్ధితో రాసినది. వైద్యుడు తేల్చి చెప్పేదాకా మేజిస్ట్రేటు మనిషిని పది రోజుల చొప్పున, మొత్తం ముప్పై రోజులకు మించకుండా పరిశీలనలో ఉంచవచ్చు. రోగికి ఆస్తి ఉంటే పోషణ ఖర్చు అందులోంచి రాబట్టవచ్చు. పోషించవలసిన బంధువు ఉంటే అతని మీద ఉత్తర్వు ఇవ్వవచ్చు. రెండూ లేకపోతే ప్రభుత్వం భరించాలి. ఈ సెక్షన్లలో కరుణ వెతికితే దొరకదు. రోగి భూమిని జప్తు చేసుకునే ఏర్పాటుగా కూడా వాటిని చదవవచ్చు. అయినా చెల్లించేవాళ్ల వరుస అందులో ఉంది.

ఆ పరిశీలన ఎక్కడ జరిగేదన్నదే అసలు బాధ. తాలూకా ఆసుపత్రిలో తలుపుకు గొళ్లెం ఉన్న గది ఉండేది కాదు, సబ్‌జైల్లో ఉండేది. అలా నేరం చేయని మనిషి జైలులోకి వెళ్లేవాడు. 1946లో భోర్ కమిటీ నివేదిక వెలువడేనాటికి దేశం మొత్తంలో మానసిక వైద్యశాలల్లో ఉన్న పడకలు సుమారు 10 వేలు. నలభై కోట్ల జనాభాకు అదే దిక్కు. విశాఖలో పడక ఖాళీ అయ్యేదాకా మనిషిని ఎక్కడో ఒకచోట ఉంచాలి, ఉంచినచోటే జైలు. దేశంలోని వేర్వేరు రాష్ట్రాల్లో ఇది స్వాతంత్ర్యం తర్వాత కూడా ఎంతగా కొనసాగిందంటే, నేరం చేయని మానసిక రోగులను జైళ్లలో పెట్టడం చట్టవిరుద్ధం, రాజ్యాంగవిరుద్ధం అని సుప్రీంకోర్టు 1993 ఆగస్టులో షీలా బర్సే కేసులో చెప్పవలసి వచ్చింది.

రాజ్యాంగం ఈ మనిషిని మూడు ముక్కలు చేసింది. పోలీసు రాష్ట్ర జాబితాలో రెండో అంశం. ప్రజారోగ్యం, ఆసుపత్రులు అదే జాబితాలో ఆరో అంశం. ఉన్మాదం, మనోవైకల్యం, వాటికి చికిత్స చేసే స్థలాలు మాత్రం ఉమ్మడి జాబితాలో పదహారో అంశం. అంటే శాసనం చేయడానికి ఢిల్లీకి అధికారముంది. దాన్ని నడిపే కానిస్టేబుల్ జీతం, వైద్యుడి జీతం రాష్ట్రానివి. రాష్ట్ర బడ్జెట్టు పుస్తకంలోనూ చీలిక స్పష్టంగా కనిపిస్తుంది. పోలీసు శాఖ ఖర్చు 2055 పద్దు కింద, వైద్యం 2210 పద్దు కింద. మతి చెదిరిన మనిషి ఠాణాలో ఉన్నంతసేపు మొదటి పద్దు మనిషి, ఆసుపత్రి గేటు దాటాక రెండో పద్దు మనిషి. మధ్యలో జీపు తిరిగిన దూరం, రాత్రంతా వార్డు బయట కూర్చున్న ఇద్దరు కానిస్టేబుళ్ల గంటలు, మనిషికి పెట్టించిన భోజనం, కొనిచ్చిన లుంగీ, ఇవన్నీ ఠాణా సాధారణ ఖర్చుల్లో కలిసిపోతాయి. బందోబస్తుకు వెళ్లిన డీజిలూ దీనికి వాడిన డీజిలూ లెక్కలో ఒకటే. లెక్కలో వేరుగా కనిపించనిదానికి వేరుగా నిధులు అడగడం ఎవరికీ తట్టదు. ఈ సమస్యకు మూలం పోలీసుల దయాహీనతలో ఉందని అనేవాళ్లతో నేను ఏకీభవించలేను. ఖాతా పుస్తకం కట్టిన తీరులోనే అది ఎక్కువగా ఉంది.

జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. కర్ణాటకలోని బళ్లారిలో నిమ్హాన్స్ వైద్యులు నడిపిన ప్రయోగం ఆధారంగా 1996లో జిల్లా కార్యక్రమం నాలుగు జిల్లాల్లో మొదలుపెడితే ఆంధ్రప్రదేశ్ నుంచి ఎంపికైనది మెదక్. డెల్టా జిల్లాల వంతు తర్వాత వచ్చింది. 12వ ప్రణాళిక మార్గదర్శకాల ప్రకారం ఒక్కో జిల్లాకు ఏడాదికి 83.2 లక్షల రూపాయల దాకా ఇవ్వవచ్చు. వైద్యుడు, సైకాలజిస్టు, సోషల్ వర్కరు, మందులు, శిక్షణ అన్నీ అందులోనే. ఆ డబ్బు వైద్యశాఖ వైపు నుంచి వచ్చి వైద్యశాఖ వైపే ఖర్చవుతుంది. ఈ వరుసలో మూడోదైన 1987 చట్టం ఈలోపు 1993 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఉన్మాది అన్న మాట పోయి మానసిక రోగి అన్న మాట వచ్చింది. ఠాణా అధికారి మనిషిని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలంది. ప్రయాణానికి పట్టే సమయాన్ని ఆ 24 గంటల్లోంచి మినహాయించింది. చట్టం రాసినవాళ్లకు మన రోడ్లు తెలుసన్నమాట.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడి దర్గా దగ్గర ఒక ప్రైవేటు ఆశ్రయంలో మంటలు లేచి, గొలుసులతో కట్టి ఉంచిన రోగులు పాతికమందికి పైగా చనిపోయారు. దేశమంతా దాన్ని గొలుసుల కథగానే చదివింది. మనుషులను అంతదూరం ఎవరు, ఎందుకు పంపారన్న కథ కూడా అందులో ఉంది. దగ్గరలో సర్కారు పడక లేని ప్రతి జిల్లాకూ అందులో వాటా ఉంది.

ఆత్మహత్యాయత్నం విషయంలో పోలీసు పాత్ర ఇంకా తిరకాసుగా సాగింది. సర్కారు ఆసుపత్రికి అలాంటి కేసు వస్తే డ్యూటీ వైద్యుడు మెడికో లీగల్ రిజిస్టరులో రాసి ఔట్‌పోస్టుకు కబురు చేస్తాడు. ఔట్‌పోస్టు కానిస్టేబుల్ మంచం పక్కకు వచ్చి వాంగ్మూలం రాసుకుంటాడు. భారత శిక్షాస్మృతి 309వ సెక్షన్ ప్రకారం బతికి బట్టకట్టిన మనిషి ముద్దాయి అయ్యేవాడు. ఆ సెక్షన్ చెల్లుతుందని 1987లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. 1994లో సుప్రీంకోర్టు చెల్లదంది, 1996లో మళ్లీ చెల్లుతుందంది. ఈ డోలాయమానంలో నష్టపోయింది రోగి. కేసు అవుతుందన్న భయంతో ఇంటివాళ్లు ప్రమాదవశాత్తు జరిగిందని చెప్పేవారు, ఆ మాట నమ్మిన ఆసుపత్రి ఒంటికి వైద్యం చేసి పంపేసేది. మనసుకు వైద్యం చేయాల్సిన అవసరం రికార్డులో ఎక్కడా ఉండేది కాదు. కొల్లేరులో 2006 నాటి చేపల చెరువుల ధ్వంసం తర్వాత, అప్పులతో, వరదలతో నలిగిన లంక గ్రామాల్లో పోలీసును జనం చూసిన సందర్భాలు ఏవో గుర్తుచేసుకుంటే, మంచం పక్కకు వచ్చిన యూనిఫాంకు మనసు విప్పి చెప్పుకోవడం ఎంత కష్టమో అర్థమవుతుంది. అంతకు ఏడేళ్ల ముందు, 1999లో, అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్ల సరస్సును అభయారణ్యం చేశారు. అప్పటి నుంచీ ఇక్కడ ప్రభుత్వమంటే ముందు గుర్తొచ్చేవి అటవీశాఖ, పోలీసు, పొక్లెయిను.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ ముడి విప్పింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలని, శిక్షించకూడదని, అతనికి వైద్యం, పునరావాసం అందించడం ప్రభుత్వ బాధ్యత అని 115వ సెక్షన్ చెప్పింది. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయసంహితలో పాత 309 లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నుంచి అడ్డుకోవడానికో, ఒత్తిడి పెట్టడానికో చేసే ప్రయత్నం మాత్రమే నేరంగా మిగిలింది.

2017 చట్టంలోనే 100వ సెక్షన్ పోలీసుల కోసం రాసినది. 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. మానసిక వ్యాధితో తనను తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్న మనిషిని, తనకో ఎదుటివారికో హాని కలిగించేలా ఉన్న మనిషిని ఠాణా అధికారి రక్షణలోకి తీసుకోవాలి. 24 గంటలు మించకుండా దగ్గరలోని ప్రభుత్వ వైద్యశాలకు చేర్చాలి. ఎట్టి పరిస్థితిలోనూ లాకప్పులో గానీ జైల్లో గానీ ఉంచకూడదు. ఇల్లు లేని మనిషైతే తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్.ఐ.ఆర్. కట్టి కుటుంబాన్ని వెతకాలి. చేర్చుకోనక్కర్లేదని వైద్యుడు చెబితే పోలీసే ఇంటికి దింపాలి, ఇల్లు లేకపోతే నిరాశ్రయుల కోసం ఉన్న ప్రభుత్వ వసతికి చేర్చాలి. మేజిస్ట్రేటు ఉన్న చోటికి వైద్యుడు వచ్చాడు. ఇది చిన్న మార్పు కాదు. 159 ఏళ్ల న్యాయచరిత్రను తిరగేసిన మార్పు. 1987 చట్టంలో ఉన్న ప్రయాణ సమయపు మినహాయింపు మాత్రం ఇందులో లేదు.

ఆ 24 గంటల గడువును కొల్లేటి మీద పెట్టి చూద్దాం. వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్లన్నీ కొల్లేరులోకి దిగుతాయి, ఉప్పుటేరు ఒక్కటే సముద్రానికి దారి. పెదఎడ్లగాడి దగ్గర నీళ్లు పోటెత్తితే ఏలూరు, కైకలూరు మధ్య రాకపోకలు ఆగుతాయి. లంక గ్రామాలకు పడవే గతి. అలాంటి రాత్రి ఒక మనిషి మితిమీరిన ఉద్రేకంతో ఉంటే ఇంటివాళ్లు ఫోను చేయగలిగేవి మూడు: 112, 108, ఊళ్లో తెలిసిన కానిస్టేబులు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 ఈ రాష్ట్రంలో పల్లెకు చేరిన గొప్ప ఏర్పాటు, అందులో సందేహం లేదు. కానీ అందులోని టెక్నీషియన్ చేతికి చిక్కినది గుండెపోటో రోడ్డు ప్రమాదమో అయితే ఏంచేయాలో తెలుసు. కర్ర పట్టుకుని నిలబడ్డ మనిషైతే అతనూ పోలీసు రావాలంటాడు. పోలీసేమో అంబులెన్సు రావాలంటాడు. ఇద్దరిలో ఎవరి మాటా తప్పు కాదు. 

తాడేపల్లిగూడెం పరిస్థితి వేరు. అది మెయిన్ లైను మీద ఊరు, పెద్ద ఉల్లిపాయల మార్కెట్టు ఉన్న ఊరు. లారీలు మహారాష్ట్ర నుంచి వస్తాయి, రైళ్లు హౌరా నుంచి మద్రాసు దాకా ఆ దారినే పోతాయి. ఇలాంటి ఊళ్లలో ప్లాట్‌ఫాం మీద తేలే మనిషి స్థానికుడు కాకపోవచ్చు, తెలుగువాడే కాకపోవచ్చు. స్టేషన్ ఆవరణ రైల్వే పోలీసుది, గేటు దాటితే పట్టణ ఠాణాది. కుటుంబాన్ని వెతకడమంటే ఒడియాలోనో బెంగాలీలోనో హిందీలోనో మాట్లాడి, ఊరి పేరు కనుక్కుని, అక్కడి ఠాణాకు ఫోను చేసి, తీసుకెళ్లేవాళ్లు వచ్చేదాకా మనిషిని కాపాడటం. ముంబయి దగ్గర భరత్ వట్వానీ దంపతులు 1988 నుంచి శ్రద్ధా పునరావాస సంస్థ పెట్టి చేస్తున్నది ఇదే పని. 2018లో ఆయనకు మెగసెసె వచ్చింది. చెన్నైలో 1993లో మొదలైన బ్యానియన్ సంస్థదీ ఇదే దారి. ఇద్దరూ విరాళాలతో మొదలుపెట్టారు. చట్టం ఎస్.ఐ.కి అప్పగించిన పనిని దాతల డబ్బుతో నడిచే సంస్థలు చేసి చూపిస్తే మనం వాళ్లను సన్మానించాం. సన్మానం తప్పని కాదు. కానీ అదే పనికి ఠాణాకు ఏమిచ్చామన్న ప్రశ్న పక్కకు పోయింది.

2017 చట్టం ఇంకా బిల్లుగా ఉన్న రోజుల్లోనే పరిశీలకులు ఒక లోపం ఎత్తిచూపారు. ఈ బాధ్యతలన్నింటికీ ఎంతవుతుందో అంచనా లేదు, కేంద్రం ఎంత రాష్ట్రం ఎంత భరిస్తాయో చెప్పలేదు. 18వ సెక్షన్‌లో మంచి మాట ఉంది: జిల్లాలో కనీస సేవలు లేకపోతే రోగి ఆ జిల్లాలో మరోచోట వైద్యం చేయించుకోవచ్చు, ఖర్చు ప్రభుత్వం ఇవ్వాలి. 30వ సెక్షన్ పోలీసులతో సహా ప్రభుత్వోద్యోగులకు అవగాహన శిక్షణ ఇవ్వాలంటుంది. రెండూ రోగి వైపు నుంచీ, వైద్యం వైపు నుంచీ రాసినవి. ఠాణా నుంచి ఆసుపత్రి దాకా ఉన్న దారి మీద ఒక్క రూపాయి గురించి కూడా వాటిలో లేదు.

డబ్బు పేరు పెట్టి ఇస్తే ఠాణా మారుతుందనడానికి దూరం పోనక్కర్లేదు. 2019 డిసెంబరులో కేంద్ర హోంశాఖ నిర్భయ నిధి నుంచి 100 కోట్లు తీసి దేశంలో 10 వేల ఠాణాల్లో మహిళా సహాయ డెస్కులు పెట్టించింది. సగటున ఠాణాకు ఒక లక్ష. 112 అత్యవసర స్పందన వ్యవస్థకు అదే నిధి నుంచి 321.69 కోట్లు మంజూరయ్యాయి. మన రాష్ట్రంలో 2020లో దిశ ఠాణాలు వచ్చాయి. అంతకు ముందే 2019లో గ్రామ సచివాలయాల్లో మహిళా సంరక్షణ కార్యదర్శులను నియమించి, 2021 జూన్‌లో వారిని మహిళా పోలీసులన్నారు. ఆ ఏర్పాట్ల మంచిచెడ్డల మీద ఎన్ని వాదనలున్నా బల్లలు వచ్చాయి, మనుషులు వచ్చారు, రిజిస్టర్లు వచ్చాయి. 100వ సెక్షన్‌కు అలాంటి నిధి ఏదీ రాలేదు. కేంద్రం కొత్తగా పెట్టిన డబ్బు ఫోను వైపు వెళ్లింది: 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్, నంబరు 14416. బాధలో ఉండి ఫోను చేయగలిగినవాడికి అది నిజంగా ఆసరా. ఫోను చేతిలో లేనివాడూ, పేరు చెప్పలేనివాడూ ఇంకా ఎస్.ఐ. మనిషే.

నిధులూ శిక్షణా లేని చోట ఏం జరుగుతుందో 2020 మే 16న విశాఖ నడిరోడ్డు మీద రాష్ట్రమంతా చూసింది. మాస్కుల కొరత గురించి మాట్లాడి సస్పెండైన ఒక ప్రభుత్వ మత్తువైద్యుణ్ణి పోలీసులు చేతులు వెనక్కి విరిచికట్టి తీసుకెళ్లారు. తర్వాత ఆయన్ను ప్రభుత్వ మానసిక వైద్యశాలకు పంపారు. వారం తిరగకుండానే హైకోర్టు దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించింది. ఆ కేసు రాజకీయం సంగతి అలా ఉంచి, నా మట్టుకు ముఖ్యమైనది ఒకటుంది. ఆ మనిషికి మతి చెదిరిందని పోలీసులు నమ్మి ఉంటే 100వ సెక్షన్ రక్షణ గురించి మాట్లాడుతుంది, తాళ్ల గురించి కాదు. నమ్మకపోతే ఆసుపత్రికి పంపిన కారణమేమిటన్న ప్రశ్న వస్తుంది. చట్టం వచ్చి రెండేళ్లయినా, రాష్ట్రంలో అతిపెద్ద నగరంలో, మానసిక వైద్యశాల ఉన్న ఊళ్లోనే పరిస్థితి అది. భీమడోలు, నిడమర్రు ఠాణాల్లో అంతకంటే మెరుగైన తర్ఫీదు ఉంటుందని ఆశించడం ఆ సిబ్బందికి అన్యాయం చేయడమే.

పరదేశాల అనుభవాన్ని ఇక్కడ జాగ్రత్తగా వాడుకోవాలి. అమెరికాలోని మెంఫిస్‌లో 1987లో పోలీసు కాల్పుల్లో ఒక మానసిక రోగి చనిపోయాక, మరుసటి ఏడాది ప్రత్యేక సంక్షోభ బృందం ఏర్పడింది. స్వచ్ఛందంగా ముందుకొచ్చిన పోలీసులకు 40 గంటల శిక్షణ దాని పునాది. మన కానిస్టేబులు చేతిలో తుపాకీ ఉండటం అరుదు గనుక ఆ నమూనాకు ప్రాణం పోసిన భయం మన దగ్గర అంతగా లేదు. ఒరెగాన్ రాష్ట్రం యూజీన్ పట్టణంలో 1989 నుంచి వైట్ బర్డ్ క్లినిక్ నడిపిన కహూట్స్ వాహనంలో పోలీసు అసలు ఉండేవాడు కాదు, ఒక వైద్య సహాయకుడు, ఒక సంక్షోభ కార్యకర్త వెళ్లేవారు. ప్రపంచమంతా ఆదర్శమని చెప్పుకున్న ఆ సేవ 2025 ఏప్రిల్‌లో యూజీన్‌లో ఆగిపోయింది, డబ్బు ఇబ్బందులతోనే. మనకు దగ్గరగా ఉన్నది తమిళనాడు. అక్కడ 2018 నుంచి జిల్లాల్లో నిరాశ్రయ మానసిక రోగుల కోసం అత్యవసర సంరక్షణ కేంద్రాలు పెట్టి, స్వచ్ఛంద సంస్థలతో కలిసి రాష్ట్ర ప్రభుత్వం తన డబ్బుతో నడుపుతోంది. పోలీసుకు మనిషిని దింపడానికి ఒక గుమ్మం చూపించడమే అందులోని అసలు సదుపాయం.

ఏలూరుకు అలాంటి గుమ్మం కొంత ఏర్పడింది. 2023 సెప్టెంబరులో ప్రారంభమైన అయిదు ప్రభుత్వ వైద్య కళాశాలల్లో ఏలూరు ఒకటి. జిల్లా ఆసుపత్రి బోధనాసుపత్రిగా మారింది, వైద్య విద్య నిబంధనల ప్రకారం అందులో మానసిక వైద్య విభాగం ఉండి తీరాలి. దగ్గరలోని ప్రభుత్వ వైద్యశాల అన్న చట్టపు మాటకు ఈ జిల్లాలో ఇన్నాళ్లకు ఒక నిండైన అర్థం వచ్చింది. తాడేపల్లిగూడెంలో ఉన్నది ప్రాంతీయ ఆసుపత్రి. దాని జిల్లా ఇప్పుడు వేరు గనుక ఏలూరుకు పంపాలంటే రెండు జిల్లాల కాగితాలు. పోలీసుల శిక్షణకు ఏలూరు పక్కనే పెదవేగిలో కేంద్రం ఉంది. వైద్య కళాశాల నుంచి అక్కడికి ఒక లెక్చరరు వెళ్లి రావడానికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు. రాత్రి వేళ వార్డులో ఒక మగ నర్సు, ఠాణాలకు ఉమ్మడిగా ఒక వాహనం, ఊరికి దింపడానికి దారి ఖర్చు, ఈ మూడింటికే నిధులు కావాలి. వాటిని 2055లో పెట్టాలా 2210లో పెట్టాలా అన్నది ఆర్థికశాఖ తేల్చగలిగిన సంగతే.

ఆ మూడింటిలో చివరిదైన, ఊరికి దింపడానికి సంబంధించిన ఒక కేసులో 2017 జులైలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. రోగం నయమైనా తీసుకెళ్లేవాళ్లు లేక ఆసుపత్రుల్లోనే ఉండిపోయినవాళ్ల కోసం పునరావాస గృహాలు ఏర్పాటు చేయాలని కోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆసుపత్రి వదిలేటప్పుడు తర్వాతి ఏర్పాటు గురించి వైద్యుడు రోగితో, ఇంటివాళ్లతో మాట్లాడాలని 2017 చట్టం 98వ సెక్షన్ చెబుతుంది. విశాఖ వార్డులో కోలుకున్న కైకలూరు మనిషిని ఊరికి చేర్చాలంటే రైలు టిక్కెట్లు, తోడు వెళ్లే మనిషి, మూడు నెలల మందులు కావాలి. 1912 చట్టంలోనైతే ఆ ఖర్చు ఎవరిని అడగాలో ఒక వరుస ఉండేది. ఇప్పుడు వార్డు సోషల్ వర్కరు ముందు కైకలూరు ఠాణాకు ఫోను చేస్తాడు.